ఆరు గంటల రాత్రి, తొమ్మిది గంటల పని

మార్కుల పుస్తకము తడిసిపోయినచో వేరొక ప్రతి ఉన్నగాని గతిలేదు గదా! కంప్యూటరులోని సమాచారమునకును అట్లే నకలు తీసి వేరుచోట భద్రపరుతురు. దీనినే బ్యాకప్ అందురు.

ఒక కార్యాలయమున 4 టెరాబైట్ల, అనగా 40 లక్షల మెగాబైట్ల సమాచారమున్నదనుకొందము. పగలు నకలు తీసినచో పనులు మందగించును. కనుక రాత్రి 11 నుండి 5 వరకు, 6 గంటలే వ్యవధి. సెకనుకు 125 మెగాబైట్ల వేగమున 32,000 సెకనులు, అనగా సుమారు 9 గంటలు కావలెను. ఇది ఎట్లు ఇముడును?

సెలవుదినమైన ఆదివారము పూర్తి నకలు తీయుదురు. తక్కిన రాత్రులు, క్రిందటి నకలు తరువాత మారిన భాగములనే తీయుదురు. దినమునకు నూటికి 2 వంతులు మారినచో, ఆ 80,000 మెగాబైట్లకు 640 సెకనులు చాలును. మార్పులను వెదకు కాలము కలిపినను వ్యవధి మిగులును.

అయితే శనివారము ఉదయము యంత్రము చెడినచో, ఆదివారపు నకలుకు సోమవారము మొదలు శుక్రవారము వరకు తీసిన ఐదింటిని వరుసగా కలుపవలెను. నడుమ ఒకటి చెడినను, దాని తరువాతివానిని నమ్మరాదు. కనుక నకళ్లనుండి సమాచారము తిరిగి వచ్చునో లేదో అప్పుడప్పుడు పరీక్షింపవలెను.

వేగము రెట్టింపైనచో పూర్తి నకలు ఒక్క రాత్రిలో ముగియునా? విద్యార్థులు లెక్కించి చూచెదరు గాక!