తొలి దిద్దుబాటు

తార్నాకలోని మా యింటికి ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణము కూతవేటు దూరము. 1918లో వెలసిన ఆ విద్యాలయపు గ్రంథాలయమందలి పాత తెలుగు పుస్తకములు పెక్కింటికి ఛాయాప్రతులు తీయబడి నేడు అంతర్జాలమున లభించుచున్నవి. ఛాయను అక్షరములుగా మార్చునది యంత్రము. కాని యది తఱచు అరసున్నను మ్రింగును, బండిఱను మామూలు రకారము చేయును. ఆ తప్పులు దిద్ది గ్రంథమును ఎల్లరకును ఉచితముగా నందించుట తెలుగు వికీసోర్సు పని. దానిని నడపు మీడియావికీ యను సాఫ్టువేరు మూలమునకు సైతము దాపఱికము లేదు. ఎఱిగినవారెవరైనను చదివి సవరణలు పంపవచ్చును.

మొన్న నొక విద్యార్థి సాయమున నేను తొలి పుట దిద్దితిని. నలువది యేండ్లు పిల్లల వ్రాతలు దిద్దిన చేయి గదా, గ్రంథకర్త వాడిన యొక గ్రామ్యపదమును గూడ సంస్కరించితిని! మఱునాడది యథాస్థితికి వచ్చియుండెను. మూలమున నున్నట్లే యుండవలెనని ప్రక్కన కారణము వ్రాయబడియుండెను. చిన్నబోతిని. అయినను తాళపత్రమునకు ప్రతి వ్రాయునపుడు మా గురువులు చెప్పినదియు నిదియే.

ఒకరు దిద్దిన పుటకు పసుపుపచ్చ గుర్తు. వేఱొకరు సరిచూచిన పిదపనే ఆకుపచ్చ. తన పుటకు తానే ఆకుపచ్చ పెట్టుకొన వీలులేదు. బండిఱ నెఱిగిన మీవంటి పెద్దలే యందులకు కావలయును. నా పుట యింకను పసుపుపచ్చగానే యున్నది.