వస్తుపరిశీలక పరికరాలు, తెలుగు పాఠ్యం: ‘హుజూరాబాద్’ పదం ఆధారంగా ఒక వివరణ

1. ఉపోద్ఘాతం

ప్రోగ్రామ్ నడుస్తున్న సమయంలో దానిలోని ఒక ఆబ్జెక్ట్‌ను తెరచి, దాని విలువలను చూపే సాధనం ఇన్‌స్పెక్టర్. ప్రోగ్రామ్‌ను నిలిపి, దోషమున్న చోటును వెదకడానికి తోడ్పడేది డీబగ్గర్. 1970వ దశకంలో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో రూపొందిన స్మాల్‌టాక్ వ్యవస్థ ఈ రెండింటినీ ప్రోగ్రామర్‌కు నిత్యోపకరణాలుగా మలిచింది. సాధారణంగా ఇన్‌స్పెక్టర్ అన్ని ఆబ్జెక్ట్‌లనూ ఒకే తీరున చూపుతుంది. ఆబ్జెక్ట్ స్వభావాన్నిబట్టి ఆ చూపును మార్చుకోగలగడం ఎందుకు అవసరమో, దానిని ప్రోగ్రామర్లకు ఏ క్రమంలో ప్రదర్శించాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

2. ఒకే పదం - మూడు లెక్కలు

కరీంనగర్ జిల్లాలోని ‘హుజూరాబాద్’ పేరునే ఉదాహరణగా గ్రహించవచ్చు. పాఠకునికి ఇందులో హు, జూ, రా, బా, ద్ అనే ఐదు అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్‌లో హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు వేర్వేరు సంఖ్యలున్నందున ఇవి పది కోడ్ పాయింట్లు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు కోడ్ పాయింటుకు మూడు బైట్లు కావలసినందున ఇదే పదం ముప్పై బైట్లు. ఈ మూడు లెక్కలూ సరైనవే. ఏది ఎప్పుడు అవసరమో సమస్యను బట్టి తేలుతుంది.

3. కంటికి కనిపించని దోషం

‘హుజూరాబాద్‌లో’ అని రాసేటప్పుడు పొల్లు తరువాత ‘లో’ ఒత్తుగా మారకుండా ఉండేందుకు జడ్‌డబ్ల్యూఎన్‌జే అనే అదృశ్య సంకేతాన్ని చేరుస్తారు. దాని యూనికోడ్ సంఖ్య 8204. ఒక ప్రోగ్రామ్ ఈ పదం నుండి ‘లో’ను మాత్రమే తొలగించినప్పుడు ఆ సంకేతం పదాంతంలో మిగిలిపోతుంది. అప్పుడు పదం పదకొండు కోడ్ పాయింట్లు, ముప్పైమూడు బైట్లు అవుతుంది. తెరపై మాత్రం రెండు పదాలూ ఒకటే. అక్షరాలు లెక్కించినా రెండింటికీ ఐదే వస్తాయి. అయినా ప్రోగ్రామ్ వాటిని వేర్వేరు పదాలుగానే పరిగణిస్తుంది. విద్యార్థి దరఖాస్తులోని ఊరి పేరు, పాత రికార్డులోని పేరు ఈ కారణంగా సరిపోలకపోతే నష్టపోయేది ఆ విద్యార్థి.

ఇటువంటి చిక్కు కల్పితం కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ రూపానికి చెందిన ఒక సంకేతక్రమాన్ని ప్రదర్శించబోయి ఐఫోన్‌లోని అనేక యాప్‌లు మూతపడ్డాయి. ఆ క్రమంలోనూ ఇదే అదృశ్య సంకేతం ఉంది. యాపిల్ సంస్థ అదే నెలలో ఐఓఎస్ 11.2.6 ద్వారా ఆ దోషాన్ని సవరించింది.

4. చూపును మలచుకోవడం

పైథాన్‌లో ‘ప్రింట్’ ఈ సంకేతాన్ని చూపదు. ‘రెప్ర్’ దానిని సంఖ్యారూపంలో బయటపెడుతుంది. ఒకే ఆబ్జెక్ట్‌కు రెండు చూపులుండడం ఇక్కడే అర్థమవుతుంది. అయితే ఆ సంకేతం ఏ అక్షరానికి అంటుకొని ఉందో ‘రెప్ర్’ విడదీసి చెప్పదు. జూపిటర్ నోట్‌బుక్‌లో ప్రోగ్రామర్ తన క్లాస్‌కు ఒక పద్ధతిని చేర్చి, ఆబ్జెక్ట్‌ను పట్టిక రూపంలో చూపించవచ్చు. మొదటి వరుసలో అక్షరాలు, రెండవ వరుసలో కోడ్ పాయింట్లు, మూడవ వరుసలో బైట్లు ఉంచి, అదృశ్య సంకేతాన్ని రంగుతో గుర్తిస్తే దోషం తక్షణమే బయటపడుతుంది.

ఈ ఆలోచనను మరింత విస్తృతపరచినది ఫారో పరిసరంలోని మోల్డబుల్ ఇన్‌స్పెక్టర్. ఆంద్రేయ్ కీష్, ట్యూడర్ గిర్బా తదితరులు 2015లో దీనిని ప్రతిపాదించారు. ఇందులో ఒక ఆబ్జెక్ట్‌కు పలు చూపులను జోడించి, వాటి మధ్య మారుతూ పరిశీలించవచ్చు. డీబగ్గర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పదంలో 8204 ఉన్నప్పుడు మాత్రమే ప్రోగ్రామ్ ఆగేలా షరతు పెడితే వేల పదాలను ఒక్కొక్కటిగా చూడవలసిన పని తప్పుతుంది.

5. ప్రదర్శనక్రమం

పరికరంలోని సౌకర్యాల జాబితాతో ప్రదర్శనను ఆరంభిస్తే ప్రేక్షకులకు దాని అవసరం తెలియదు. ముందుగా రెండు ‘హుజూరాబాద్’ పదాలను పోల్చి, సమానం కావన్న ఫలితాన్ని చూపాలి. కారణాన్ని ఊహించమని అడగాలి. పిదప సాధారణ చూపులో అది ఎందుకు దొరకలేదో నిరూపించాలి. ఆ తరువాతే కొత్త చూపును వారి ఎదుటే రాయాలి. చివరగా తమ ఊరి పేర్లతో దానిని మార్చి చూడమనాలి. అదృశ్య సంకేతాలన్నింటినీ తొలగిస్తే సరిపోదా అన్న ప్రశ్న ఇక్కడ సహజంగా వస్తుంది. అలా చేస్తే ‘హుజూరాబాద్‌లో’ కాస్తా ‘హుజూరాబాద్లో’గా మారుతుంది. అందువల్ల పదాంతంలో మిగిలినదానిని తొలగించడమే తగిన పరిష్కారం.

6. ముగింపు

మలచుకున్న చూపు కూడా ఒక ప్రోగ్రామే, దానిలోనూ దోషాలుండవచ్చు. అది ఆబ్జెక్ట్‌ను చూపాలే కాని మార్చకూడదు. తెలుగు పాఠ్యంతో పనిచేసే ప్రోగ్రామర్‌కు సిద్ధంగా లభించే చూపు ఒక్కటే చాలదు. అక్షరం, కోడ్ పాయింట్, బైట్ అనే మూడు స్థాయులనూ పక్కపక్కన చూడగలిగే సాధనాన్ని తానే నిర్మించుకోవడం నేర్పితే, దోషశోధన ఊహపై కాక పరిశీలనపై ఆధారపడుతుంది.