తలుపు బల్ల అయిన వైనం

రాజమండ్రిలో మా తాతగారి ఇల్లు పడగొట్టినప్పుడు నా వంతుకు వచ్చింది వీధి తలుపు. గోదావరిమీద తెప్పలుగా దిగిన టేకు అని మా అమ్మ నమ్మకం. "దీన్ని పాతసామాన్లవాడికి ఇచ్చేవో, నాతో మాట్లాడకు," అంది. 82 ఏళ్ల మనిషి! భోజనాల బల్ల చేయిస్తానని మాట ఇచ్చేసేను.

రెక్కలు విప్పి, పుచ్చిన చివర్లు కోసేస్తే అయిదు పలకలు దక్కేయి. ఒక్కొక్కటి 5 అడుగుల పొడవు, 8 అంగుళాల వెడల్పు. అన్నీ పక్కపక్కన పేరిస్తే 40 అంగుళాలు. బల్లకి 36 కావాలి. అంటే తప్పులు చేసుకోడానికి నాకున్న ఆస్తి 4 అంగుళాలన్నమాట.

మా అబ్బాయి దగ్గర ట్రాక్ సా అనే యంత్రం ఉంది. గుండ్రటి రంపమే, కాని మన చేతిని నమ్ముకోకుండా అల్యూమినియం పట్టామీద జారుతుంది. పట్టా అంచునున్న రబ్బరు పట్టీని పెన్సిలు గీతమీద పెట్టి తోయడమే! ఇంతోటి పనికి మేస్త్రి ఎందుకనుకున్నాను. మా ఆవిడ "ఊఁ" అని ఊరుకుంది. ఆ ఊకొట్టడం అప్పుడే గ్రహించవలసింది.

పట్టా పొడవు 1400 మిల్లీమీటర్లు. పలక అంతకంటే కాస్త పొడుగు. అందుచేత రెండు పట్టాలు అతికేను. అతుకు దగ్గర వెంట్రుకవాసి వంకర ఉండిపోయింది. పలకల అంచులన్నీ విడివిడిగా కోసి, రెండింటిని కలిపి కిటికీకేసి పట్టుకుంటే నడిమధ్యని తెల్లవారింది!

అప్పుడు కబురంపితే మేస్త్రి వచ్చేడు. అంచుల మీద వేలు పోనిచ్చి, "వంకర ఒక్కటే, బాబుగారూ. తమరు దాన్ని రెండు చేసేరు," అన్నాడు. నిజమే. రెండంచులకీ ఒకేలా పల్లం పడింది కనక సందు రెట్టింపయింది.

చిత్రికతో అయితే రెండు పలకల్నీ పుస్తకం మూసినట్టు ముఖాముఖీ బిగించి, రెండంచులూ కలిపి పడతాడట. చిత్రిక కాస్త ఒరిగినా, పుస్తకం తెరిస్తే ఒకదాని వాలు రెండోదాని వాలుకి సరిపోతుంది. "పొడుగునా పల్లం పడితే మాత్రం చిత్రిక క్షమించదండీ. ఈ యంత్రం క్షమించేటట్టుంది!" అన్నాడు.

ఎలాగంటారా? రెండు పలకల్నీ పక్కపక్కన పరిచి, కదలకుండా బిగించేడు. మధ్య సందు రంపపు కోత మందం కంటే ఎక్కడా ఎక్కువ ఉండకూడదు. మా బిళ్ల కోత 2 మిల్లీమీటర్లు. ఆ సందు వెంబడే రంపాన్ని ఒక్కసారి నడిపించేడు. ఎడమపలక అంచూ, కుడిపలక అంచూ ఒకే కోతకి పుట్టేయి. పట్టా వంగితే ఒకదానికి ఎత్తు, రెండోదానికి పల్లం. బిళ్ల ఒరిగినా అంతే. రంపం తగలని చోటు మిగిలితే పలకలు దగ్గరికి జరిపి మళ్ళీ కోత. ఏ జంట ఏదో మరిచిపోకుండా ముందే అయిదింటి మీదుగానూ సుద్దతో పెద్ద ముక్కోణం గీసేడు.

ఇంకోటి. కోతకి ముందు పలకలమీద అయస్కాంతం తిప్పేడు. తుప్పు మచ్చ కింద విరిగిన మేకు దొరికింది. నా మొదటి కోత దానికి నాలుగువేళ్ల దూరంలో పోయింది. మా ఆవిడకి ఈ సంగతి చెప్పలేదు, ఇప్పుడు పత్రికలో చదువుతుంది.

టేకులో జిడ్డు ఉంటుంది. కోసిన అంచుల్ని ఎసిటోనుతో తుడిచి, ఆలస్యం చెయ్యకుండా తెల్లబంక పలచగా రాసి, బిగింపులు ఒకటి పైనా ఒకటి కిందా పెట్టేం, పలక విల్లులా వంగకుండా. వానాకాలం చెక్క వెడల్పున ఉబ్బుతుంది, ఎండల్లో ముడుచుకుంటుంది. అందుకని చట్రానికి బంక పుయ్యకుండా, పొడుగాటి కన్నాల్లో మరలు బిగించేడు. మీ ఇంట బల్ల పగిలితే ముందు ఈ కన్నాలు చూసుకోండి.

తేలిన వెడల్పు 36 అంగుళాల పావు.

అమ్మని తీసుకొచ్చి కూర్చోబెట్టేం. బల్లమీద అరచెయ్యి మెల్లిగా ఈ చివరినుంచి ఆ చివరికి రాసింది. అతుకులు ఆవిడ వేళ్లకి దొరకలేదు. ఒకచోట మాత్రం ఆగింది. మేస్త్రి గుండ్రటి టేకుముక్క బిగించి పూడ్చిన కన్నం అది.

"గడియ ఇక్కడుండేది," అంది. "నా కంచం ఇక్కడ పెట్టండి."