రోజుకో మిల్లీమీటరు

హాస్టల్‌లో నాలుగేళ్లు నా పక్క మంచం వాడికి బండి యాక్సిడెంట్ అయిందని ఫోనొచ్చినప్పుడు నేను మొదట అడిగింది ‘హెల్మెట్ పెట్టుకున్నాడా?’ అనే. పెట్టుకున్నాడు. తలకేం కాలేదు. కాలర్ బోన్ విరిగింది, ఒళ్లంతా గీరుకుపోయింది. ‘బతికి బయటపడ్డాడు, అంతే చాలు’ అనుకున్నాం. కుడిచెయ్యి లేవట్లేదన్న సంగతి ఆ హడావుడిలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ఎముక అతుక్కుంటే అదే వస్తుందిలే అన్నారు పెద్దవాళ్లు. రెండు నెలలకి ఎముక అతుక్కుంది. చెయ్యి మాత్రం తడిగుడ్డలా వేలాడుతూనే ఉంది. వేళ్లు ఆడుతున్నాయి, పిడికిలి బిగుస్తోంది. కానీ మోచెయ్యి వంగదు. అన్నం ముద్ద నోటిదాకా రాదు.

దీన్ని బ్రేకియల్ ప్లెక్సస్ గాయం అంటారు. మెడ దగ్గర వెన్నుపాము నుంచి ఐదు నరాల మూలాలు బయల్దేరి, ఒకదాంతో ఒకటి కలుస్తూ విడిపోతూ భుజం మీదుగా చేతిలోకి దిగుతాయి. బండి మీంచి ఎగిరి పడినప్పుడు భుజం ఓ పక్కకి, తల ఇంకో పక్కకి లాగేస్తే ఆ నరాలు సాగుతాయి. లేదంటే తెగుతాయి. ఒక్కోసారి వెన్నుపాము నుంచి మొదలంటా ఊడొస్తాయి. పెద్దవాళ్లలో ఈ గాయానికి ప్రధాన కారణం బైక్ ప్రమాదాలే. బాధితుల్లో ఎక్కువమంది మన వయసు కుర్రాళ్లే.

నేను చదివింది ఈసీఈ. నరం తెగిందంటే నాకు కేబుల్ తెగినట్టే అనిపించింది. రెండు కొసలూ కలిపి అతికిస్తే సిగ్నల్ వెళ్లిపోదా? వెళ్లదు. నరంలోని ప్రతి తీగా వెన్నుపాములోనో, దాని పక్కనో ఉన్న ఓ కణానికి తోక లాంటిది. మధ్యలో తెగితే కిందిభాగం చచ్చిపోతుంది. అగస్టస్ వాలర్ 1850లోనే కప్పల నరాల్లో ఇది చూసి చెప్పాడు. మిగిలేది ఖాళీ గొట్టం. పైకొస నుంచి కొత్త తీగ మొలకెత్తి, ఆ గొట్టంలోంచి పాక్కుంటూ కండరం దాకా వెళ్లాలి. సర్జన్ చేసేది గొట్టాలు కలపడం వరకే. మిగతాది శరీరం పని. దాని స్పీడు రోజుకి దాదాపు ఒక మిల్లీమీటరు.

ఇక లెక్క చూడండి. మెడ నుంచి అరచేయి దాకా 70 సెంటీమీటర్లనుకుంటే 700 రోజులు. సుమారు రెండేళ్లు. కండరం అంతకాలం ఆగదు. నరం అందకుండా ఏడాది, ఏడాదిన్నర గడిచిందంటే అది చిక్కిపోయి, తర్వాత నరం వచ్చినా అందుకోలేదు. అందుకే మావాడి ఇంట్లో ‘ఇంకో నెల చూద్దాం’ అన్న ప్రతిసారీ ముప్ఫై మిల్లీమీటర్లు పోయినట్టే లెక్క.

అలాగని అందరికీ వెంటనే కత్తి పెట్టరు. గాజుపెంకుకో కత్తికో నరం శుభ్రంగా తెగితే కొద్ది రోజుల్లోనే కుట్టేస్తారు. బండి మీంచి పడ్డప్పుడు లోపల నరం సాగిందో, తెగిందో బయటికి తెలీదు. కేవలం దెబ్బ తగిలి మొద్దుబారిన నరం వారాల్లోనే తిరిగి పనిచేయొచ్చు. 1943లో సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ ఈ తేడాలనే మూడు రకాలుగా విడగొట్టాడు. అందుకే దాదాపు మూడు నెలలు ఆగి చూస్తారు. మూడు వారాల తర్వాత ఈఎంజీ, ఎమ్మారై, నెలనెలా పరీక్ష. కదలిక లేకపోతే ఆరునెలల్లోపే ఆపరేషన్. డాక్టర్ కళ్ల ముందు ఆగడం వేరు, ఇంట్లో నూనె రాసుకుంటూ ఆగడం వేరు. మావాడు చేసింది రెండోది. ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లేసరికి నాలుగో నెల నడుస్తోంది. ప్లాస్టిక్ సర్జన్ అంటే ముక్కులు సరిచేసేవాళ్లే అని నేనూ అనుకునేవాణ్ని!

తెగిన కొసల మధ్య దూరముంటే లాగి కుట్టకూడదు, బిగుతుంటే నరం పెరగదు. కాలి పిక్క వెనక ఉండే సూరల్ నరం ముక్క తీసి మధ్యలో వేస్తారు. దానికి మూల్యం పాదం అంచున కాస్త స్పర్శ పోవడమే. మావాడికి ఆ దారీ లేదు. పై రెండు మూలాలు వెన్నుపాము దగ్గరే ఊడిపోయాయి, కుట్టడానికి పైకొసే లేదు. అప్పుడు చేసేది పక్కింటి నుంచి కరెంటు తీగ లాక్కున్నట్టు ఉంటుంది. ఫ్రాన్స్‌లో ఒబర్లిన్ బృందం 1994లో ప్రచురించిన పద్ధతి అది. అరచేతికి వెళ్లే అల్నార్ నరంలోంచి ఒక్క పోగు విడదీసి, మోచేతిని వంచే బైసెప్స్ నరానికి కలుపుతారు. కండరం పక్కనే కలుపుతారు కాబట్టి కొత్త తీగ కొన్ని సెంటీమీటర్లు పెరిగితే చాలు. మైక్రోస్కోప్ కింద, వెంట్రుక కంటే సన్నటి నైలాన్ దారంతో కుట్లు.

ఈ పనిలోకి రావాలనుకునే వాళ్లకి: ఎంబీబీఎస్, ఎమ్మెస్ తర్వాత నీట్ ఎస్సెస్ రాసి ఎంసీహెచ్ ప్లాస్టిక్ సర్జరీ చేయాలి. దారి పొడుగే. కానీ ఆపరేషన్ తర్వాత ఏడాదికి పైగా రోగితో ఉండేది ఫిజియో, ఆక్యుపేషనల్ థెరపిస్టులే. కీళ్లు బిగుసుకుపోతే నరం వచ్చినా లాభం లేదు. బయోమెడికల్ వాళ్లకీ పనుంది. కొలాజెన్ లాంటివాటితో చేసిన నరాల గొట్టాలు చిన్న ఖాళీలకి ఇప్పటికే వాడుతున్నారు. పెద్ద ఖాళీలకి ఇంకా మన కాలి నరమే దిక్కు.

ఆపరేషనైన ఆరో నెలలో మావాడు పిడికిలి బిగిస్తే బైసెప్స్ చిన్నగా కదిలింది. అరచేతి తీగ కదా, మెదడు ఇంకా ‘పిడికిలి’ అనే ఆర్డరే పంపుతోంది! అందుకే థెరపిస్ట్ రోజూ బంతి నొక్కిస్తూ మోచెయ్యి వంచమనేది. ఇప్పుడు పిడికిలి బిగించకుండానే వంగుతోంది. భుజం మాత్రం పూర్తిగా రాలేదు. చొక్కా తొడుక్కోవడానికి ఇప్పటికీ ఎడమచెయ్యి సాయం కావాలి. మొన్న మా ఫ్రెండ్ పెళ్లిలో కుడిచేత్తో పప్పన్నం కలుపుకుని తిన్నాడు. ఎదురుగా కూర్చున్న వాళ్లమ్మ విస్తట్లో మాత్రం వడ్డించినవన్నీ అలాగే ఉన్నాయి.