నాచు కోసం వెళ్లి... జ్వరం మందు పంపాడు!

వానలు పడితే చాలు, పెరటి గోడ మీద పచ్చగా నాచు పేరుకుంటుంది. కాలు జారుతుందని మనం గీకి పారేస్తాం. కానీ ఇంగ్లాండుకు చెందిన రిచర్డ్‌ స్ప్రూస్‌ ఆ నాచు కోసమే జీవితాన్ని ధారపోశాడు. విచిత్రమేంటంటే, లోకం ఆయన్ని గుర్తుపెట్టుకుంది మాత్రం మరో మొక్క వల్ల!

స్ప్రూస్‌ 1817లో యార్క్‌షైర్‌లోని గాంథార్ప్‌ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి బడిపంతులు. తనూ యార్క్‌ నగరంలో లెక్కల మాస్టారయ్యాడు. మనసంతా మాత్రం కొండలూ వాగుల మీదే. నాచుకి పువ్వులుండవు, విత్తనాలుండవు. ఆకులు ఎంత చిన్నవంటే ఏ రకమో చెప్పాలంటే మైక్రోస్కోపు కావాల్సిందే. అందుకే పెద్దగా ఎవరూ పట్టించుకునేవారు కాదు. 1843లో స్ప్రూస్‌ టీస్‌డేల్‌ లోయకు వెళ్లేనాటికి అక్కడ నమోదైన నాచు రకాలు నాలుగే. మూడు వారాల్లో ఆయన 167 రకాలు చూపించాడు!

అడవిలో పదిహేనేళ్లు

మరుసటి ఏడాది బడి మూతపడింది. మళ్లీ బడి వెతుక్కోలేదాయన. మొక్కలు సేకరించి, ఎండబెట్టి, శాస్త్రవేత్తలకు అమ్మి బతకాలనుకున్నాడు. 1849లో అమెజాన్‌ అడవులకు ఓడెక్కాడు. అక్కడ చెట్ల ఆకుల మీద కూడా లివర్‌వర్ట్‌లు పెరుగుతాయి. ఇవి నాచుకి దగ్గరి చుట్టాలు. స్ప్రూస్‌కి ఇంకేం కావాలి! 1854లో మలేరియా వచ్చి నెలకు పైగా మంచానపడ్డాడు. చావు అంచుదాకా వెళ్లి కూడా వెనక్కి రాలేదు.

అప్పట్లో మలేరియాకి మందు క్వినైన్‌. అది దక్షిణ అమెరికాలోని సింకోనా చెట్టు బెరడులో ఉంటుంది. ఆ చెట్లను మనదేశంలో పెంచాలనుకున్న బ్రిటిష్‌ ప్రభుత్వం విత్తనాలు సేకరించే పని స్ప్రూస్‌కి అప్పగించింది. సరిగ్గా అప్పుడే, 1860 ఏప్రిల్‌లో, ఓ ఉదయం నిద్రలేచేసరికి నడుమూ కాళ్లూ కదల్లేదు. ఆ తర్వాత ఆయన పూర్తిగా కోలుకోనేలేదు. అయినా ఆ ఒంటితోనే ఈక్వెడార్‌ కొండల్లోకి వెళ్లాడు. తోటమాలి రాబర్ట్‌ క్రాస్‌ సాయంతో దాదాపు లక్ష విత్తనాలూ ఆరువందలకు పైగా మొక్కలూ సిద్ధం చేశాడు. అలా వచ్చిన ఎర్రబెరడు సింకోనా నీలగిరుల్లో నాటుకుంది.

మిగిలింది నాచే

మరి ఆయనకు దక్కిందేమిటి? 1861లో డబ్బు దాచుకున్న వ్యాపార సంస్థ దివాలా తీసింది. 700 పౌన్లు గల్లంతు! 1864లో జబ్బు ఒంటితో ఇంగ్లాండు చేరాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం ఏటా 50 పౌన్ల పింఛను ఇచ్చింది. సింకోనా సేవకు గుర్తుగా మరో 50 పౌన్లు అందింది 1877లో, అంటే పదిహేడేళ్లు ఆలస్యంగా!

కోనీస్‌థార్ప్‌ గ్రామంలో ఓ చిన్న ఇల్లే చివరి మజిలీ. నిటారుగా కూర్చోవడమే కష్టం. మైక్రోస్కోపు ముందు ఎక్కువసేపు ఉండలేడు. అయినా కాసేపు పని, కాసేపు పడక... అలాగే అమెజాన్‌, ఆండీస్‌ ప్రాంతాల లివర్‌వర్ట్‌ల మీద పెద్ద గ్రంథం రాశాడు. 1884-85లో వెలువడిన ఆ పుస్తకంలో 700లకు పైగా రకాల వివరాలున్నాయి. వాటిలో చాలావరకు ఆయన స్వయంగా ఏరుకొచ్చినవే. 1893లో కన్నుమూశాడు.

ఈ మొక్కలు తిండికీ మందుకీ పనికిరావని ఆయనకూ తెలుసు. మనిషికి ఉపయోగపడకపోయినా అవి ఉన్నచోట వాటి పని అవి చేస్తున్నాయి, చూడ్డానికి అందంగా ఉన్నాయి, అది చాలదా అన్నది స్ప్రూస్‌ మాట. లక్షల మందికి పనికొచ్చే చెట్టును చేరవేసిన మనిషి అన్నమాట అది!