సమాచార రక్షణ - ప్రతుల ఆవశ్యకత

మానవుడు లిపిని కనుగొన్న నాటినుండి తాను తెలుసుకొన్న విషయాలను తరువాతి తరానికి భద్రంగా అందించాలని ప్రయత్నిస్తూనే ఉన్నాడు. రాతిపై చెక్కాడు, రాగిరేకులపై మలిచాడు, తాటాకుపై గంటంతో రాశాడు, కాగితంపై అచ్చొత్తాడు. నేడు కంప్యూటర్‌లో నిక్షిప్తం చేస్తున్నాడు. సాధనాలు మారినా రాతకు పొంచి ఉన్న అపాయం మాత్రం తొలగిపోలేదు. తాటాకుకు చెదలు శత్రువు. కాగితానికి నీరు, నిప్పు శత్రువులు. కంప్యూటర్‌లోని సమాచారానికి ఇంకా ఎక్కువమంది శత్రువులున్నారు.

ఈ అపాయానికి మన పూర్వులు కనుగొన్న ఉపాయం ప్రతులు రాయించడం. తాటాకు గ్రంథం ఎంత జాగ్రత్తగా దాచినా కాలక్రమంలో శిథిలమవుతుంది. అందువల్ల లేఖకులు పాత ప్రతిని చూచి కొత్త ప్రతిని రాసేవారు. పలుచోట్ల ప్రతులున్న కావ్యాలు ఒకచోట నశించినా మరొకచోట నిలిచాయి. ఒకే ప్రతిగా మిగిలినవి ఆ ప్రతితోపాటే అంతరించాయి. తాళ్లపాక అన్నమాచార్యులు ముప్పైరెండువేల సంకీర్తనలు రచించారని ప్రతీతి. రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలో భద్రపరచినందువల్ల ఆ సంపద మనదాకా వచ్చింది. అయినా నేడు లభిస్తున్నవి అందులో సగానికంటె తక్కువే. పంతొమ్మిదవ శతాబ్దంలో చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ తెలుగు తాళపత్ర గ్రంథాలను సేకరించి, పండితులను నియమించి, వాటికి శుద్ధప్రతులు రాయించాడు. ఆయన చేసిన ఈ పని తెలుగు సాహిత్యానికి మహోపకారమైంది.

కంప్యూటర్ పరిభాషలో నిక్షిప్తమైన సమాచారాన్ని 'డేటా' అంటారు. అది నశిస్తే తిరిగి పొందడానికి వేరొకచోట దాచిన అదనపు ప్రతిని 'బ్యాకప్' అంటారు. పేరు కొత్తదే గాని, భావం మన లేఖకులకు తెలిసినదే.

సమాచారం నిలిచే తీరు

1956లో ఐ.బి.ఎం. సంస్థ 'రామాక్' అనే యంత్రంతోపాటు తొలి హార్డ్‌డిస్క్‌ను ప్రవేశపెట్టింది. రెండడుగుల వ్యాసం గల యాభై పళ్లేలు అందులో ఉండేవి. ఇంత పెద్ద యంత్రంలో పట్టిన సమాచారం సుమారు అయిదు మెగాబైట్లు మాత్రమే. నేటి ఫోన్‌తో తీసిన ఒకటి రెండు ఛాయాచిత్రాలకే అది సరిపోతుంది.

హార్డ్‌డిస్క్‌లో అయస్కాంతపు పూత గల పళ్లేలు నిమిషానికి వేలసార్లు తిరుగుతూ ఉంటాయి. వాటికి తగలకుండా, వెంట్రుక మందంకంటె వేలరెట్లు తక్కువ ఎడంలో ఒక చిన్న శీర్షం కదులుతూ సమాచారాన్ని రాస్తుంది, చదువుతుంది. నడుస్తున్న యంత్రం కిందపడితే ఆ శీర్షం పళ్లేన్ని ఒరుసుకొని, అక్కడి సమాచారాన్ని చెరిపివేయవచ్చు. పెన్‌డ్రైవ్, మెమరీకార్డు వంటి వాటిలో కదిలే భాగాలుండవు. వాటిలో సమాచారం అతి సూక్ష్మమైన గదులలో విద్యుదావేశ రూపంలో నిలుస్తుంది. మళ్లీమళ్లీ రాయడంవల్ల ఆ గదులు అరిగిపోతాయి. నియంత్రించే చిన్న పరికరం చెడిపోతే మొత్తం సమాచారం ఒక్కసారిగా అందకుండా పోతుంది. తాటాకు చివికిపోవడం కంటికి కనబడుతుంది. ఇక్కడ అట్టి హెచ్చరిక చాలాసార్లు ఉండదు.

పొరపాటున ఒక ఫైలును తొలగించినప్పుడు జరిగేది గమనించదగినది. హార్డ్‌డిస్క్‌లో ఆ ఫైలు వెంటనే చెరిగిపోదు. అది ఉన్న చోటు ఖాళీ అయినట్లు కంప్యూటర్ తన పట్టికలో గుర్తు పెట్టుకొంటుంది. ఆ చోట కొత్త సమాచారం రాసినప్పుడే పాతది నిజంగా నశిస్తుంది. కాబట్టి విలువైన ఫైలు పోయిందని తెలిసిన వెంటనే ఆ పరికరం వాడకం ఆపాలి. నిపుణులు దానిని రాబట్టగల అవకాశం అప్పుడే ఎక్కువ. కొత్తరకం ఎస్.ఎస్.డి.లు తొలగించిన చోటును తామే త్వరగా శుభ్రపరుస్తాయి గనుక వాటిలో ఈ అవకాశం చాలా తక్కువ.

ఒక చలనచిత్రం కథ

1998లో అమెరికాలోని పిక్సార్ సంస్థ 'టాయ్ స్టోరీ 2' అనే యానిమేషన్ చిత్రాన్ని నిర్మిస్తున్నది. ఆ చిత్రంలోని పాత్రలు, దృశ్యాలు అన్నీ కంప్యూటర్ ఫైళ్లే. ఒకనాడు ఎవరో పొరపాటున, ఫైళ్లన్నింటినీ తొలగించే ఆజ్ఞను ప్రధాన కంప్యూటర్‌కు ఇచ్చారు. తెర ముందు కూర్చొన్న సాంకేతిక నిపుణుల కళ్ల ఎదుటే పాత్రల ఫైళ్లు ఒకదాని తరువాత ఒకటి మాయమయ్యాయి. నిపుణుడైన ఓరెన్ జేకబ్ వెంటనే ఫోన్ చేసి, ఆ యంత్రానికి విద్యుత్తును తొలగించమని చెప్పాడు. అప్పటికే చిత్రంలో అధికభాగం పోయింది.

సంస్థవద్ద బ్యాకప్ టేపులున్నాయి. అందువల్ల మొదట ఎవరూ అధైర్యపడలేదు. కాని వాటిని పరిశీలించినప్పుడు అసలు విషయం బయటపడింది. కొంతకాలంగా ఆ టేపులపై ప్రతులు సరిగా నమోదు కావడంలేదు. వాటినుండి సమాచారాన్ని తిరిగి తీసి చూచినవారు లేనందువల్ల ఆ లోపం ఎవరికీ తెలియలేదు. ఎందరో కళాకారులు రాత్రింబవళ్లు చేసిన శ్రమ వ్యర్థమయ్యే స్థితి ఏర్పడింది.

అప్పుడు గాలిన్ సస్‌మన్ అనే నిపుణురాలికి ఒక విషయం గుర్తుకు వచ్చింది. ఆమె పసిబిడ్డ తల్లి కావడంవల్ల ఇంటివద్దనుండి పనిచేసేది. అందుకోసం చిత్రం ఫైళ్ల ప్రతి ఆమె ఇంటి కంప్యూటర్‌లో ఉండేది. వెంటనే వారు కారులో వెళ్లి, ఆ కంప్యూటర్‌ను దుప్పట్లలో చుట్టి, పసిపాపవలె జాగ్రత్తగా కార్యాలయానికి తెచ్చారు. దాని సహాయంతో పోయిన పనిని పునరుద్ధరించగలిగారు. 1999లో ఆ చిత్రం విడుదలై ప్రపంచవ్యాప్తంగా ఆదరణ పొందింది.

ఈ ఉదంతంనుండి మనం గ్రహించవలసినవి రెండు. ఉన్నదని నమ్మి, పరీక్షించని ప్రతి ఆపదలో అక్కరకు రాకపోవచ్చు. దూరంగా, వేరొక చోట ఉన్న ప్రతి ఒక్కటైనా మొత్తం పనిని కాపాడగలదు.

ఆపదలు పలువిధాలు

మానవుని పొరపాటు ఒక్కటే కారణం కాదు. 2017 మే నెలలో 'వాన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాం నూట యాభైకి పైగా దేశాలకు వ్యాపించింది. అది కంప్యూటర్లలోని ఫైళ్లను రహస్యలిపిలోకి మార్చి, తిరిగి ఇవ్వడానికి సొమ్ము డిమాండు చేసింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనికి అంతరాయం కలిగి, రోగులను వెనుకకు పంపవలసి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. వేరుగా ప్రతులు దాచుకొన్నవారు సొమ్ము చెల్లించకుండానే తమ సమాచారాన్ని తిరిగి పొందగలిగారు.

2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని దేజాన్ నగరంలో, ప్రభుత్వ సమాచార కేంద్రంలో బ్యాటరీలనుండి మంటలు చెలరేగాయి. ప్రభుత్వోద్యోగులు తమ పత్రాలను దాచుకొనే 'జి-డ్రైవ్' అనే వ్యవస్థ కాలిపోయింది. అందులోని 858 టెరాబైట్ల సమాచారానికి బయట మరొక ప్రతి లేదు. దాని పరిమాణం చాలా పెద్దదైనందువల్ల ప్రతి తీయలేదని అధికారులు తెలిపారు. సాంకేతిక విజ్ఞానంలో అగ్రగామిగా పేరొందిన దేశానికి సైతం ఇట్టి నష్టం తప్పలేదు.

మూడు - రెండు - ఒకటి

అమెరికన్ ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన ఒక సూత్రాన్ని నేడు నిపుణులందరూ అంగీకరిస్తున్నారు. ముఖ్యమైన సమాచారానికి అసలుతో కలిపి మూడు ప్రతులుండాలి. అవి కనీసం రెండు రకాల సాధనాలలో ఉండాలి. వాటిలో ఒకటి వేరొక ప్రదేశంలో ఉండాలి. ఒక సాధనం చెడినా రెండవది ఉంటుంది. ఇంట్లో దొంగలు పడినా, వరద వచ్చినా దూరాన ఉన్న ప్రతి నిలుస్తుంది.

విద్యార్థులు దీనిని సులభంగా పాటించవచ్చు. ప్రాజెక్టు నివేదిక కంప్యూటర్‌లో ఉంటే దాని ప్రతిని ఒక పెన్‌డ్రైవ్‌లో గాని, బయటి హార్డ్‌డిస్క్‌లో గాని దాచుకోవాలి. మరొక ప్రతిని ఇంటర్నెట్ ద్వారా క్లౌడ్ నిల్వలో ఉంచాలి. పని పూర్తికాగానే బయటి సాధనాన్ని కంప్యూటర్‌నుండి వేరుచేయాలి. తగిలించి ఉంచితే దుష్ట ప్రోగ్రాం దానిని కూడా చెడగొట్టగలదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటున్నది. ఫోన్‌లోని చిత్రాలు క్లౌడ్‌లోనూ కనబడినంత మాత్రాన వాటికి బ్యాకప్ ఉన్నట్లు కాదు. రెండూ అనుసంధానమై ఉన్నప్పుడు ఒకచోట తొలగిస్తే రెండవచోటా తొలగిపోతుంది. కొద్దిరోజులు చెత్తబుట్టలో ఉండి, తరువాత శాశ్వతంగా పోతుంది. అసలులో మార్పు జరిగినా చెదరక నిలిచేదే నిజమైన ప్రతి.

ప్రతి తీయడానికి వారంలో ఒక రోజును నిర్ణయించుకోవాలి. అప్పుడప్పుడు ఆ ప్రతినుండి ఒకటి రెండు ఫైళ్లను తెరచి చూడాలి. సాధనాలు పాతబడకముందే సమాచారాన్ని కొత్తవాటిలోకి మార్చాలి. ఒకప్పుడు ప్రతి కార్యాలయంలోనూ కనబడిన ఫ్లాపీలను చదివే యంత్రాలు నేడు అరుదు. ఫ్లాపీ చెడకపోయినా దానిలోని సమాచారం మనకు అందనిదే అవుతుంది. శిథిలమయ్యే తాటాకునుండి కొత్త తాటాకుకు రాసిన లేఖకుని విధి నేడు కంప్యూటర్ వాడే ప్రతి ఒక్కరిదీ.

యంత్రం పోతే మరొకటి కొనవచ్చు. ఆరు నెలలు శ్రమించి రాసిన నివేదికను, గతించిన తాతగారి గొంతు నమోదైన ధ్వనిముద్రణను ఏ అంగడిలోనూ కొనలేము. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్నది పెద్దల మాట. సమాచారం మన చేతిలో భద్రంగా ఉన్న నాడే దానికి ప్రతి తీసి దాచుకోవడం వివేకవంతుల లక్షణం.