గుండె వైఫల్యం

గుండె వైఫల్యం లేదా హృదయ వైఫల్యం అనగా శరీర అవసరాలకు తగినంత రక్తాన్ని గుండె పంపలేకపోవడం, లేదా తన గదులలో పీడనం పెరిగితే గాని ఆ పని చేయలేకపోవడం. పేరును బట్టి దీనిని గుండె ఆగిపోవడంగా పలువురు భావిస్తారు. అది హృదయ స్తంభన. హృద్ధమని పూడుకుపోయి గుండె కండరంలో కొంత భాగం నశించడం గుండెపోటు. గుండెపోటు వలన వైఫల్యం కలుగవచ్చును గాని రెండూ ఒకటి కావు. నిజానికి వైఫల్యం ఒక ప్రత్యేక వ్యాధి అనడం కంటే, అనేక హృదయ వ్యాధులు చివరకు చేరే స్థితి అనడం సబబు. హృద్ధమని వ్యాధి, అధిక రక్తపోటు, మధుమేహం, కవాట దోషాలు, గుండె కండర వ్యాధులు ముఖ్య కారణాలు. భారతదేశంలో బాల్యంలో సోకిన కీళ్ళవాత జ్వరం వలన కవాటాలు చెడి, యౌవనంలోనే వైఫల్యానికి లోనయ్యేవారు నేటికీ ఉన్నారు.

ఏమి జరుగుతుంది?

విశ్రాంతిగా ఉన్న పెద్దవారిలో గుండె నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తాన్ని పంపుతుంది. ఈ ప్రవాహం తగ్గినపుడు, దేహంలో రక్తమే తక్కువైనట్లు మూత్రపిండాలు స్పందిస్తాయి. ఉప్పును, నీటిని బయటకు పోనీయక నిలువ చేస్తాయి. గాయమై రక్తం పోయినపుడు ప్రాణం నిలిపే ఈ ఏర్పాటే ఇక్కడ కీడు చేస్తుంది. అలసిన గుండెపై మరింత భారం పడుతుంది, నిలిచిన నీరు ఊపిరితిత్తులకు, కాళ్ళకు చేరుతుంది.

గుర్తించడం

ఎడమ జఠరిక బలహీనపడితే రక్తం ఊపిరితిత్తులలో నిలిచి ఆయాసం వస్తుంది. మొదట మెట్లెక్కినపుడు, తరువాత నాలుగడుగులు వేసినా, చివరకు కూర్చున్నా ఆయాసమే. వెల్లకిల పడుకుంటే ఇది హెచ్చుతుంది. అందుకే వైద్యులు "ఎన్ని దిండ్లు వేసుకొని పడుకుంటారు?" అని అడుగుతారు. నిద్రపోయిన ఒకటి రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చోవలసి రావడం మరింత నమ్మదగిన లక్షణం. రాత్రివేళ పొడిదగ్గు కూడా ఉండవచ్చును. కుడి జఠరిక విఫలమైతే కంఠసిరలు ఉబ్బుతాయి, కాలేయం పెరుగుతుంది, పాదాలు పొంగి వేలితో నొక్కినచోట గుంట పడుతుంది. రెండు మూడు దినాలలో శరీరపు బరువు 2 కిలోలు పెరగడం కొవ్వు వలన కాదు, నీటి వలన.

ఆయాసాన్ని వయసు మీద, పొంగులను ఎక్కువసేపు నిలబడడం మీద నెట్టివేయడం సాధారణం. ఉబ్బసంగా పొరబడడమూ కద్దు. 1971లో ప్రచురితమైన ఫ్రామింగ్‌హామ్ ప్రమాణాలు ఇట్టి లక్షణాలను ప్రధానం, అప్రధానం అని విడదీశాయి. రెండు ప్రధాన లక్షణాలు గాని, ఒక ప్రధాన లక్షణంతో పాటు రెండు అప్రధాన లక్షణాలు గాని ఉంటే వైఫల్యంగా పరిగణించారు. పాదాల పొంగు ఇందులో అప్రధానమే. అది మూత్రపిండ, కాలేయ వ్యాధులలోనూ, కొన్ని రక్తపోటు మందుల వలనా కలుగుతుంది.

రక్తపరీక్షలలో బి.ఎన్.పి. అనే హార్మోను కొలత ఉపయోగకరం. 1988లో దీనిని మొదట పంది మెదడులో కనుగొన్నందున పేరులో మెదడు చేరింది గాని, ఒత్తిడికి లోనైన జఠరికలే దీనిని ప్రధానంగా స్రవిస్తాయి. వార్ధక్యంలోను, మూత్రపిండ వ్యాధిలోను దీని విలువ పెరుగుతుంది. స్థూలకాయులలో తక్కువగా ఉండి వ్యాధిని దాచవచ్చును. గుండె నిర్మాణాన్ని, పనితనాన్ని ఎకోకార్డియోగ్రఫీ (ప్రతిధ్వని చిత్రణ) చూపుతుంది.

వర్గీకరణ

వాడుకలో ఉన్న వర్గీకరణలు ఒకే ప్రశ్నకు జవాబులు కావు. న్యూయార్క్ హార్ట్ అసోసియేషన్ 1928లో రూపొందించిన నాలుగు తరగతులు రోగి ఏమి చేయగలడన్నదే చూస్తాయి. మొదటి తరగతిలో సాధారణ పనులకు ఆయాసం ఉండదు. నాలుగవ తరగతిలో విశ్రాంతిలోనూ ఉంటుంది. చికిత్సతో మూడవ తరగతి రోగి రెండవ తరగతికి రావచ్చును. అయితే మేడ ఎక్కడం మానుకొన్న మనిషి తనకు ఆయాసం లేదంటే, ఆ మాటను తరచి చూడాలి.

అమెరికా హృదయ వైద్య సంస్థలు 2001లో ఎ, బి, సి, డి దశలను ప్రవేశపెట్టాయి. రక్తపోటు, మధుమేహం వంటి ముప్పు మాత్రమే ఉన్నవారు 'ఎ'. లక్షణాలు లేకున్నా గుండెలో మార్పు వచ్చినవారు 'బి'. లక్షణాలు ఉన్నవారు, మునుపు ఉండి తగ్గినవారు కూడా 'సి'. ముదిరిన వ్యాధి 'డి'. తరగతి వెనుకకు మళ్ళవచ్చును గాని దశ మళ్ళదు.

మూడవది ఎజెక్షన్ ఫ్రాక్షన్‌ను బట్టి చేసేది. ఎడమ జఠరిక నిండినపుడు ఉన్న రక్తంలో ఒక స్పందనకు ఎంత శాతం బయటకు పోతుందో అదే ఇది. 40 శాతం లేక అంతకు తక్కువైతే తగ్గిన రకం, 41 నుండి 49 అయితే స్వల్పంగా తగ్గిన రకం, 50 లేక ఆపైన అయితే నిలిచిన రకం. ఈ చివరిదే తికమక పెడుతుంది. జఠరిక బిరుసెక్కి సరిగా సడలకపోతే, ముడుచుకొనే శక్తి బాగున్నా వైఫల్యం కలుగుతుంది. 60 శాతం అని చూసి "గుండె బాగుంది" అనుకోరాదు. వృద్ధులలో, ముఖ్యంగా స్త్రీలలో, రక్తపోటు, స్థూలకాయం ఉన్నవారిలో ఈ రకం ఎక్కువ. తగ్గిన రకానికి ఆయుస్సు పెంచే మందులు పలు తరగతులలో ఉండగా, దీనికి చాలాకాలం అట్టివి దొరకలేదు. 2021లో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మధుమేహపు మందు ఈ రోగులు ఆసుపత్రి పాలు కావడాన్ని తగ్గిస్తుందని తేలింది.

అదే 2021లో వెలువడిన సార్వత్రిక నిర్వచనం మెరుగుపడిన రకాన్ని కూడా చేర్చింది: మొదట 40 లేక అంతకు తక్కువ ఉండి, కనీసం 10 పాయింట్లు పెరిగి 40 దాటినవారు. నయమైనవారు అనక మెరుగైనవారు అనడానికి కారణం ఉంది. గుండె కండర వ్యాధి నుండి కోలుకొన్న 25 మందిలో మందులను క్రమంగా ఆపిన ఒక పరిశోధన 2019లో లాన్సెట్ పత్రికలో అచ్చయింది. ఆరు నెలలలో వారిలో 11 మందికి వ్యాధి తిరగబెట్టింది. మందులు కొనసాగించినవారిలో ఆ వ్యవధిలో ఎవరికీ తిరగబెట్టలేదు.